కత్తికంటే ముందు చూపు

నేను అనంతపురంలో పళ్ల డాక్టరుగా బోర్డు కట్టింది 1982లో. హైదరాబాదులో చదువుకుని, దవడ ఆపరేషన్లలో పై చదువూ పూర్తిచేసి, ఈ ఎర్ర నేలకు తిరిగొచ్చాను. 2021లో పని మానేశాను. అయినా సాయంత్రమయ్యేసరికి నా ఫోనుకు రెండు మూడు ఎక్స్‌రేలు వస్తూనే ఉంటాయి. కదిరి నుంచి, కళ్యాణదుర్గం నుంచి, గుంతకల్లు నుంచి కుర్ర డాక్టర్లు పంపుతారు. "సార్, దవడలో ఈ నల్లటి మచ్చ ఏమై ఉంటుంది?" అని అడుగుతారు. నేను ఎదురు ఒకటే అడుగుతాను: "పేషెంటు నోరు ఎంత తెరుస్తున్నాడు నాయనా?" సగం మంది దగ్గర జవాబు ఉండదు. ఫొటో చూసి ఉంటారు, మనిషి నోట్లో వేలు పెట్టి చూసి ఉండరు. నేనూ అదే తప్పు చేసి, దాని ఫలితం కళ్లారా చూసినవాణ్ని. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. డాక్టర్లు చదివితే సంతోషం. పంటి నొప్పితో బస్సెక్కే ఇంటివాళ్లు చదివితే ఇంకా సంతోషం.

1. ఫిల్ము తీయడం తేలిక, దాచుకోవడం కష్టం.

క్లినిక్ వెనకున్న స్నానాల గదినే డార్క్ రూం చేసుకున్నాను. ఒక ఎర్ర బల్బు, మూడు తొట్లు. ఒకదాంట్లో డెవలపర్, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఫిక్సర్. అగ్గిపెట్టె కన్నా చిన్నదైన పంటి ఫిల్మును క్లిప్పుకు తగిలించి ముంచేవాణ్ని. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకంలో ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే మా మిద్దె మీద ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ వేడికి ఫిల్ము మబ్బు పట్టేది, పన్నేదో ఎముకేదో తెలిసేది కాదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి పొట్టులో చుట్టిన గడ్డ తెప్పించి, గోనెసంచిలో వేసి, తొట్టిని దానికి ఆనించి పని నడుపుకునేవాళ్లం.

అసలు కష్టం నీళ్లది. ఫిక్సర్ నుంచి తీసిన ఫిల్మును పారే నీళ్లలో పావుగంటైనా కడగాలి. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే ఊళ్లో పారే నీళ్లు ఎక్కడివి? ఒక ఎండాకాలం బిందెల లెక్కన నీళ్లు కొనుక్కుంటున్న రోజుల్లో నేను కడుగు తగ్గించాను. అదే వారంలో ధర్మవరం నేతగాడు ఒకాయన వచ్చాడు. కింది దవడలో నిమ్మకాయంత నీటితిత్తి. దవడ పల్చబడి గుడ్డు పెంకులా అయింది. మొత్తం ఒకేసారి తీస్తే ఎముక విరుగుతుందని, తిత్తికి కిటికీ తెరిచి మందు గుడ్డ పెట్టి పంపాను. ఆర్నెల్లకు ఖాళీలో ఎముక ఎంత పూడిందో పాత ఫిల్ముతో పోల్చి చూద్దామని కవరు తీస్తే, టీ డికాషను రంగులో మరక తప్ప ఏమీ లేదు. సరిగ్గా కడగని ఫిల్ము అలాగే చెడుతుంది. అంతకుముందు ఎంత ఉందో తెలియకపోతే ఇప్పుడు ఎంత తగ్గిందో ఎలా చెప్పను? ఆయన మంచితనం వల్ల మాట పడలేదు గానీ, మగ్గం వదులుకుని ఇంకో రెండుసార్లు రావాల్సి వచ్చింది.

ఇప్పుడు డార్క్ రూములు పోయాయి. బొమ్మ క్షణంలో తెర మీదికి వస్తుంది. అయినా ఎంతమంది దాచుకుంటున్నారు? దవడంతా చూపించే ఓపీజీ ఫిల్మును నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కి తెస్తారు. ఆస్పత్రి మారిన ప్రతిసారీ మళ్లీ తీయించుకుంటారు, మళ్లీ డబ్బు కడతారు. మీ ఫొటో మీ సొత్తు. తేదీ రాయించి, మడవకుండా, పట్టాదారు పాసుపుస్తకం పెట్టే చోటే పెట్టుకోండి.

2. గాజు ఒక చోటే విరగదు.

ఇది నా తప్పు కథ. 1986లో గుత్తి వైపు కుర్రాడు హైవే మీద మోపెడ్ మీంచి పడ్డాడు. ఎడమ పక్క, గడ్డానికి కాస్త ఇవతల దవడ విరిగింది. ఆ పక్కే ఫొటో తీశాను, గీత కనిపించింది. పళ్లకు తీగలు చుట్టి, పై దవడకు కింది దవడను కట్టేశాను. "ఈ చెవి ముందర పోటు పొడుస్తాంది సార్" అని మొదటి రోజే కుడి చెంప చూపించాడు. దెబ్బ అదురు అయి ఉంటుందిలే అనుకున్నాను. నెల దాటాక తీగలు విప్పి నోరు తెరవమంటే గడ్డం కుడిపక్కకు లాక్కుపోయింది. కుడి చెవి ముందు దవడ కీలు మెడ దగ్గర విరిగి, వంకరగానే అతుక్కుని ఉంది. ఆ తర్వాత అద్దం ముందు కూర్చోబెట్టి ఎన్ని వ్యాయామాలు చేయించినా ఆ వంకర పూర్తిగా పోలేదు. అతను ఆ విరుపును నాకు వేలు పెట్టి చూపించాడు. నేను వినలేదు.

కింది దవడ చేతి గాజు లాంటిది. వంచితే రెండు చోట్ల పుటుక్కుమంటుంది. ఒక విరుపు కనబడగానే రెండోదాని కోసం వెతకాలి. గడ్డానికి దెబ్బ తగిలితే రెండు చెవుల ముందూ తడమాలి. ఒక కోణంలో తీసిన ఫొటోను నమ్మకూడదు, దానికి అడ్డంగా ఇంకోటి తీయాలి. ఫిన్లాండ్ దంతవైద్యుడు యిర్యో పాటెరో 1950ల్లో తల చుట్టూ తిరిగే యంత్రం తయారుచేశాడు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా దవడనంతా ఒకే బొమ్మలో పరిచి చూపించే ఓపీజీ అదే. నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు దాని కోసం బెంగళూరు పంపాల్సి వచ్చేది. అంత మంచి బొమ్మలోనూ నడుమ భాగం మీద మెడ ఎముక నీడ పడుతుంది, సన్నటి చీలిక దాక్కుంటుంది. అందుకే ముందు నుంచి ఇంకో ఫొటో కావాలి.

హెల్మెట్ గురించి ఒక్క మాట. తల మీద టోపీలా పెట్టుకునేవి దవడను కాపాడవు. గడ్డం కూడా కప్పేది కొనండి.

3. దవడ కట్టి పంపినవాడి జేబులో తీగ కత్తెర ఉండాలి.

వాంతి వస్తే నోరు తెరుచుకోదు, ఊపిరాడదు. ఏ తీగ ఎక్కడ కత్తిరించాలో ఇంట్లో ఒకరికి చూపించి పంపాలి. నేను పెళ్లాలకూ తల్లులకూ అద్దంలో చూపించి నేర్పేవాణ్ని. 1970ల్లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బోర్గ్‌లో మాక్సిం షాంపీ చిన్న ప్లేట్లు, స్క్రూలతో దవడ బిగించే పద్ధతిని నిలబెట్టాక ఈ కష్టం చాలా తగ్గింది. నాలుగైదు వారాలు రాగి జావతో బతికే మనిషి, ఇప్పుడు కొద్ది రోజుల్లోనే మెత్తటి సంగటి తింటున్నాడు. బెంగళూరుకు కూలికి పోయేవాడికి అది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

4. ఫొటో కోసం ఆగకూడని వేళ ఒకటుంది.

1994, శెనక్కాయ పీకే కాలం. ఉరవకొండ వైపు నుంచి జీపులో ఒకావిడను తెచ్చారు. యాభై ఏళ్లుంటాయి. తొమ్మిది రోజులుగా దవడ పన్ను నొప్పి. పని ముగిశాక చూపించుకుందామని లవంగం పెట్టుకుంటూ, ఊళ్లో సూది వేయించుకుంటూ గడిపింది. వచ్చేసరికి ముందుకు వంగి కూర్చుని ఉంది. కొంగంతా చొంగ. గడ్డం కింద మెడ రెండు పక్కలా వాచి, నొక్కితే కొయ్యలా గట్టిగా ఉంది. నాలుక అంగిలి దాకా లేచింది. మాట వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు వస్తోంది. "పడుకోబెట్టి ఎక్స్‌రే తీద్దామా సార్?" అన్నాడు నా కాంపౌండరు. వద్దని గట్టిగా అరిచాను. ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతుంది.

కూర్చోబెట్టే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. ఈఎన్‌టీ డాక్టరు గొంతు దగ్గర తిమ్మిరి సూది ఇచ్చి గాలి గొట్టం పెట్టాడు. ఊపిరి నిలబడ్డాక గడ్డం కింద రెండు పక్కలా కోశాను. కుండెడు చీము వస్తుందనుకునేరు, రాలేదు. కంపు కొట్టే పల్చటి నల్ల నీళ్లు వచ్చాయి. కారణమైన రెండు దవడ పళ్లు తీసేశాం. పన్నెండో రోజు ఇంటికి నడిచి వెళ్లింది. ఫొటోలు ఆ తర్వాత ఎన్నో తీశాం.

ఈ జబ్బును జర్మన్ వైద్యుడు లుడ్‌విగ్ 1836లో రాసిపెట్టాడు. ఆయన పేరుతోనే పిలుస్తారు. యాంటీబయాటిక్స్ రాకముందు ఇది పట్టుకున్నవాళ్లలో సగానికి పైగా చనిపోయేవాళ్లు. కింది దవడ పళ్ల వేళ్లు నాలుక కిందికి దిగి ఉంటాయి, చీము అక్కడి నుంచి మెడలోకి జారుతుంది. షుగరు ఉన్నవాళ్లలో ఇంకా త్వరగా పాకుతుంది. గడ్డం కింద వాపు, మింగలేకపోవడం, చొంగ కారడం, నోరు పట్టేయడం కనిపిస్తే పళ్ల డాక్టరు ఎప్పుడు దొరుకుతాడా అని చూడకండి. రాత్రయినా సరే, గాలి గొట్టం వేయగలిగే ఆస్పత్రికి కూర్చోబెట్టి తీసుకుపొండి.

5. మరక పడిన పన్ను చెడిన పన్ను కాదు.

మన బోర్లు లోతుకు పోయేకొద్దీ గట్టు రాళ్లలోని ఫ్లోరైడు నీళ్లలోకి ఎక్కుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, గతిలేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడు ఎముకల్ని ఎలా పాడుచేస్తుందో మన దేశంలో మొదట 1937లో రాసింది నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. తెలుగు నేలకు ఇది పాత శత్రువు.

పెళ్లి కుదరడం లేదని, గోధుమరంగు మరకలున్న పళ్లన్నీ పీకి కట్టుడు పళ్లు పెట్టమని కూతుళ్లను తెచ్చిన తల్లులు నాకు ఎంతమందో. ఒకమ్మాయి మాట్లాడినంతసేపూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. ఫొటో తీసి, లైటు పెట్టె మీద పెట్టి తల్లిని దగ్గరికి పిలిచాను. "చూడమ్మా, వేళ్లు ఎంత పొడుగ్గా, ఎంత గట్టిగా ఉన్నాయో. చెట్టు ఆకు మీద దుమ్ము పడిందని చెట్టు కొడతామా?" అన్నాను. ఆమె చాలాసేపు చూసింది. ముందు పళ్లకు పూత పెట్టించుకుని వెళ్లారు. ఒక్క పన్నూ పీకలేదు.

ఈ మరక పన్ను ఇగురు లోపల తయారయ్యేటప్పుడే, ఎనిమిదేళ్లలోపే పడుతుంది. 1995లో పుట్టపర్తి సత్యసాయి సంస్థ మొదలుపెట్టిన తాగునీటి పథకం ఏడువందలకు పైగా పల్లెలకు గొట్టాల్లో నీళ్లు తెచ్చింది. పదేళ్ల తర్వాత నా కుర్చీలో దాని ఫలితం చూశాను. అక్కకు గోధుమరంగు పళ్లు, ఆమె తర్వాత పుట్టిన తమ్ముడికి తెల్లటి పళ్లు. ఒకే ఇల్లు, ఒకే సంగటి, మారింది నీళ్లే. నా నలభై ఏళ్ల చికిత్సలన్నీ కలిపినా ఆ గొట్టం చేసినంత మేలు చేయలేదు.

6. ఫొటోలో కనపడని రోగం వేలికి తగులుతుంది.

ఆటో నడిపే కుర్రాడు, పంతొమ్మిదేళ్లు. "కారం తినలేకుండా ఉండాను సార్, నోరంతా మండుతాంది" అన్నాడు. సిటీకి తీసుకెళ్లి ఓపీజీ, సీటీ స్కాన్ తీయించారట. వాళ్లమ్మ ఆ కవర్లు నా బల్ల మీద పరిచింది. అన్నింట్లోనూ ఎముక, పళ్లు శుభ్రంగా ఉన్నాయి. "నీ మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టుకో నాయనా" అన్నాను. రెండు కూడా పట్టలేదు. బుగ్గ లోపల వేలు పెట్టి చూస్తే మెత్తగా ఉండాల్సిన చోట తాళ్లు పేనినట్టు గట్టి పట్టీలు తగిలాయి. రోజుకు పదిహేను గుట్కా పొట్లాలు నమిలేవాడట.

వక్కలోని గుణం వల్ల బుగ్గ లోపలి చర్మం కింద నారలు పేరుకుపోతాయి, నోరు బిగుసుకుపోతుంది. 1952లో ష్వార్జ్ అనే వైద్యుడు ఆఫ్రికాలో ఉంటున్న అయిదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని చూసి మొదట రాశాడు. ఇప్పుడది మన బస్టాండుల్లో, కాలేజీ గేట్ల దగ్గర ఉంది. ఎర్నాకుళంలో ఈ రోగులను 17 ఏళ్లు వెంబడించి చూస్తే నూటికి 7.6 మందికి కాన్సరు వచ్చింది. పొట్లం మానేస్తే రోగం ముదరడం ఆగుతుంది గానీ, బిగిసిన నారలు కరగవు. పట్టీలు కోసి, చెంపలోని కొవ్వునే తెచ్చి కప్పి, నెలల తరబడి నోరు సాగదీసే వ్యాయామం చేయించాలి. గుట్కా మీద నిషేధం ఉంది. మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం చేసి రెండూ పక్కపక్కనే వేలాడదీసి అమ్ముతున్నారు. ఇది కళ్లముందు జరుగుతున్న అన్యాయం. తల్లిదండ్రులూ లెక్చరర్లూ మాట్లాడితే తప్ప ఆగదు.

శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పును నోట్లో పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు మీద 10,169 మందిని చూసి 1971లో ఒక పరిశోధన అచ్చయింది. అంగిలి మీది మచ్చల్ని వాళ్లు పట్టుకున్నది ఇంటింటికీ తిరిగి, నోరు తెరిపించి చూసే.

7. కిరణానికి భయపడొద్దు, లెక్కచేయకుండానూ ఉండొద్దు.

రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రే కనిపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే జర్మనీలో ఓటో వాల్కోఫ్ తన పళ్లనే ఫొటో తీసుకున్నాడు. అందుకోసం 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు. అమెరికాలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు పేషెంట్ల నోట్లో ఫిల్మును తన వేళ్లతోనే పట్టుకునేవాడు. ఒక్కొక్క వేలే పోయింది, తర్వాత చెయ్యి పోయింది, 1928లో ప్రాణమే పోయింది. అందుకే నా క్లినిక్కులో ఫిల్మును నేను గానీ, కాంపౌండరు గానీ ఏనాడూ పట్టుకోలేదు.

ఈనాటి లెక్క వేరు. రాళ్ల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరి మీదా పడే కిరణాలు ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. ఒక ఓపీజీలో పడేది దాదాపు రెండు మూడు రోజులు ఊరికే బతికితే పడేటంత. ఒక్క పంటి ఫొటో ఇంకా తక్కువ. సీబీసీటీ అంటే దవడను మూడు వైపులా చూపించే స్కాన్. అది ఓపీజీకి కొన్ని రెట్లు ఉంటుంది. కనుక ఇంప్లాంటుకో, లోపల ఇరుక్కున్న పంటికో, గడ్డకో అవసరమైతే తీయాలి. వచ్చినవాళ్లందరికీ తీయకూడదు. "ఈ ఫొటోతో ఏం తెలుస్తుంది సార్? తెలిస్తే వైద్యం మారుతుందా?" అని డాక్టరును అడగండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. గర్భంతో ఉంటే ముందే చెప్పండి.

8. జ్ఞానదంతం పీకే ముందు పెదవి గురించి చెప్పాలి.

కింది దవడలో ఒక కాలువ ఉంటుంది. అందులో నుంచే పెదవికీ గడ్డానికీ స్పర్శ నరం పోతుంది. వంకరగా ఇరుక్కున్న జ్ఞానదంతం వేళ్లు కొందరిలో ఆ కాలువను ఆనుకుని ఉంటాయి. ఓపీజీలో కాలువ తెల్లగీత వేరు దగ్గర తెగినట్టు కనిపించినా, వేరు అక్కడ నల్లబడినా, సీబీసీటీ తీయించాల్సిన చోటు అదే. పెదవి తిమ్మిరెక్కి కొన్నాళ్లు ఉండొచ్చని, అరుదుగా పోకపోవచ్చని కుర్చీ ఎక్కకముందే చెప్పాలి. ముందు చెబితే వివరణ, తర్వాత చెబితే సాకు.

9. కార్డు ఉందో లేదో ముందు అడగండి, తర్వాత ధర చెప్పండి.

దవడ ఆపరేషన్ అనగానే గొర్రెలు అమ్ముకొచ్చేవాళ్లు. బిడ్డకు గ్రహణమొర్రి ఉంటే మొహం కప్పి ఇంట్లోనే పెంచేవాళ్లు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం మిగతా రెండూ. వెనకబడిన జిల్లాలనే ముందు ఎంచుకున్నారు. గ్రహణమొర్రి పిల్లలు తెల్ల రేషను కార్డు పట్టుకుని బస్సెక్కడం ఆ తర్వాతే చూశాను.

2021 ఎండాకాలం నా ప్రాక్టీసులో ఆఖరిది. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చిన షుగరు పేషెంట్లు "పై పళ్లన్నీ ఒక్కసారే కదులుతున్నాయి సార్" అంటూ వచ్చారు. చెంప తిమ్మిరి, అంగిలి మీద నల్లటి పొర. బ్లాక్ ఫంగస్. వదులైన పన్నే కదా అని పీకేసి పంపితే మనిషి పోతాడు. నేను షుగరు చూసి, వెంటనే స్కాన్‌కూ పెద్దాస్పత్రికీ పంపాను. మే నెలలో ప్రభుత్వం ఆ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చింది. బతికినవాళ్లలో కొందరికి పై దవడ సగం తీసేయాల్సి వచ్చింది. అలాంటి ఒక స్కూలు టీచరుకు అంగిలి ఖాళీని మూసే ప్లేటు అమర్చాం. పెట్టిన వెంటనే గ్లాసుడు నీళ్లు తాగాడు. ముక్కులోంచి చుక్క రాలేదు. నెలల తర్వాత మొదటిసారి తాగినట్టు తాగాను సార్ అన్నాడు.

10. గడ్డం ఆనించుకుని పడ్డ బిడ్డను కుట్లేసి వదలొద్దు.

అన్నిటికంటే ముందు రాయాల్సింది ఇదే. మడకశిర వైపు నుంచి తొమ్మిదేళ్ల పాపను తెచ్చారు. పేగు కాలిన పిల్లలా సన్నగా ఉంది. గడ్డం లోపలికి పోయి మూతి పిట్టలా కనిపిస్తోంది. "మూడేళ్లప్పుడు గుడి మెట్ల మీద గడ్డం ఆనించుకుని పడింది సార్. గడ్డం చీలితే కుట్లేసినారు, మానిపాయె. ఆడికి అయిపాయె అనుకుంటిమి" అంది తల్లి. కుట్లు మానాయి. చెవి ముందు విరిగిన కీలును ఎవరూ చూడలేదు. అక్కడ కారిన రక్తం గట్టిపడి, ఏడాదికేడాది ఎముకగా మారి, దవడ పుర్రెకు అతుక్కుపోయింది. పళ్ల మధ్య నా స్టీలు స్కేలు పెట్టి చూశాను: 3 మిల్లీమీటర్లు. రాలిపోయిన ఒక పన్ను సందులోంచి తల్లి సంగటిని నీళ్లలో పిసికి వేలితో తోసేది. పాప రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

బెంగళూరులో సీటీ స్కాన్ తీస్తే కీలు ఉండాల్సిన చోట సందే లేదు. గుండ్రాయిలాంటి ఎముక. మా సీనియర్ ఆపరేషన్ చేశారు, నేను పక్కన నిలబడ్డాను. నోరు తెరుచుకోని బిడ్డకు మత్తు ఇవ్వడమే గండం. మత్తు డాక్టరు ముక్కులోంచి గొట్టం దింపడానికి చాలాసేపు కష్టపడ్డారు. ఆ ఎముక ముద్దను చెక్కి తీసి, మళ్లీ అతుక్కోకుండా కణత కండరాన్ని మడిచి మధ్యలో పరిచారు. బల్ల మీదే నోరు 34 మిల్లీమీటర్లు తెరుచుకుంది.

కత్తి పని అక్కడికి సరి. అసలు పని తల్లిది. ఐస్‌క్రీం పుల్లల కట్టను పళ్ల మధ్య పెట్టి, వారానికొక పుల్ల పెంచుకుంటూ రోజుకు ఆరుసార్లు నోరు సాగదీయాలి. పాప ఏడ్చేది, తల్లీ ఏడ్చేది, పుల్ల మాత్రం మానలేదు. ఏడాది తిరిగాక వచ్చారు. పాప గౌను జేబులోంచి ఒక శెనక్కాయ తీసి, నా ముందు పళ్లతో పటుక్కున కొరికి, గింజ నోట్లో వేసుకుంది. తల్లి నా వైపు చూసి ఏమీ అనలేదు. చెంగున ముడేసిన పుల్లల కట్ట మాత్రం తీసి చూపించింది. పద్దెనిమిది ఉన్నాయి.

ఆరేళ్ల నరకం, ఆ పెద్ద ఆపరేషన్ తప్పించడానికి పడిన రోజున చేయాల్సింది చాలా తక్కువ. చెవుల ముందు వేలు పెట్టి నొక్కడం, నోరు ఎంత తెరుస్తోందో చూడడం, అనుమానం ఉంటే ఒక ఫొటో, కొద్ది రోజుల్లోనే నోరు ఆడించడం మొదలుపెట్టించడం. పిల్లల కీలుకు రోజుల తరబడి కట్టు కట్టి ఉంచడం కంటే కదలిక అవసరం. ఆ తర్వాత ఒకటి రెండేళ్ల దాకా నెలనెలా నోరు కొలవాలి.

ఈ కాగితం పక్కన పెట్టి ఇంట్లో పిల్లల్ని పిలవండి. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోమనండి. ఎవరి నోటికి వాళ్ల వేళ్లే కొలత. మూడూ పట్టాలి, గడ్డం నేరుగా కిందికి దిగాలి. రెండే పట్టినా, గడ్డం పక్కకు లాగినా, ఈ వారమే దగ్గర్లోని దంతవైద్యుడికి చూపించండి. ఏ ఫొటో తీయాలో ఆయన చెబుతాడు.